హాజరు పట్టీ చూసి శిక్షణ విజయవంతమంటే ఎలా?

అయ్యా,

ఫ్యాక్టరీల భద్రతా వారోత్సవాల ముగింపు గురించి మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివి వారం దాటింది. మనసు ఊరుకోక ఇప్పుడు రాస్తున్నాను. కార్మికులకిచ్చిన భద్రతా శిక్షణ విజయవంతమైందన్నారు. వేదిక మీది అధికారుల ఫొటో వేశారు, ఎంతమంది హాజరయ్యారో రాశారు. కానీ విజయవంతమైందని ఎవరు తేల్చారు, ఏం చూసి తేల్చారు? ఆ ముక్క వార్తలో ఎక్కడా లేదు.

ఒక రసాయన కర్మాగారంలో షిఫ్ట్ ఫోర్‌మన్‌గా చేసి రిటైరైనవాణ్ణి. ఈ తరగతులు ఎలా జరుగుతాయో నాకు బాగా తెలుసు. తలుపు దగ్గర సంతకం, ఇంగ్లిషులో స్లైడ్లు, మధ్యలో టీ, చివర ఫీడ్‌బ్యాక్ ఫారం. ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కుర్రాళ్లకు ఇంగ్లిషూ రాదు, తెలుగూ రాదు. వాళ్ల ఫారాలు కాంట్రాక్టరు మనిషే నింపేస్తాడు. అన్నిట్లోనూ 'చాలా బాగుంది' అనే ఉంటుంది. ఆ కాగితం ఇస్తేనే గేట్ పాస్ వస్తుందని తెలిశాక, బాగోలేదని రాసే కార్మికుడు ఎవరు?

డొనాల్డ్ కిర్క్‌ప్యాట్రిక్ అనే అమెరికా ఆచార్యుడు 1959లోనే శిక్షణను ఎలా కొలవాలో నాలుగు మెట్లుగా చెప్పాడు. తరగతి నచ్చిందా, విషయం నేర్చుకున్నాడా, నేర్చుకున్నది పనిలో చేస్తున్నాడా, దానివల్ల సంస్థలో ఏం మారింది అన్నవి ఆ నాలుగు. మన దగ్గర చాలా చోట్ల మొదటి మెట్టు మీదే ఆగిపోతున్నారు. కాస్త శ్రద్ధ ఉన్నవాళ్లు ఒక చిన్న పరీక్ష పెడతారు. అసలైనది మూడోది, దాని జోలికి ఎవరూ పోరు.

అది కష్టమైన పనేమీ కాదు. తరగతి అయిన మూడు నెలలకు, చెప్పాపెట్టకుండా నైట్ షిఫ్టులో వెళ్లి చూడాలి. ట్యాంకులోకి మనిషి దిగేముందు లోపలి గాలి ప్రమాదకరమా అని చూసే గ్యాస్ టెస్ట్ నిజంగా చేస్తున్నారా, లేక దిగడానికిచ్చే పర్మిట్ మీద ముందే అంకె వేసేస్తున్నారా? లోపల ఒకడు పడిపోతే బయట ఉన్నవాడు సాయం పిలుస్తున్నాడా, ముక్కుకు గుడ్డ కట్టుకుని తనూ దూకేస్తున్నాడా? ఒకరిని కాపాడబోయి వెనకాలే మరొకరు పోవడం మన పేపర్లలో ఎన్నిసార్లు చదవలేదు! అన్నీ తెలిసిన కార్మికుడు కూడా సూపర్‌వైజర్ "కానీ, కానీ, ఆలస్యమవుతోంది" అంటే ఏం చేస్తాడు? అప్పుడు కార్మికుడికి శిక్షణ చాలలేదని రాసేస్తే అన్యాయం. ముందు ఆ సూపర్‌వైజర్‌ని కూర్చోబెట్టి నేర్పాలి.

ఇంకో మాట. ఏడాదంతా ప్రమాదం జరగలేదు కాబట్టి శిక్షణ ఫలించిందని కొందరు మేనేజర్లు చెబుతుంటారు. అది అదృష్టం కూడా కావచ్చు. మంచి శిక్షణ తర్వాత 'నియర్ మిస్' ఫిర్యాదులు, అంటే త్రుటిలో తప్పిన ప్రమాదాల గురించి కార్మికులు చెప్పేవి, మొదట్లో పెరగాలి, ఎందుకంటే అంతకుముందు పట్టించుకోనివి ఇప్పుడు కళ్లకు కనబడతాయి, చెప్పే ధైర్యమూ వస్తుంది. మనవాళ్లు ఆ అంకె పెరిగితే కంగారుపడి చెప్పినవాడినే మందలిస్తారు. ఆ తర్వాత ఎవడు నోరు విప్పుతాడు?

2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఏం జరిగిందో ఈ ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే ప్లాస్టిక్ తయారీ రసాయనం ఆవిరి ఊరిమీద పడింది, 12 మంది పోయారు. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తన నివేదికలో, నిల్వలో స్టైరీన్ ఎలా ప్రవర్తిస్తుందో అక్కడి సిబ్బందికి సరైన అవగాహన లేదని చెప్పింది. సైరన్ ఉంది, మోగించలేదని కూడా చెప్పింది. సైరన్ ఉండటం వేరు, ఆ క్షణంలో దాన్ని నొక్కే మనిషి ఉండటం వేరు. శిక్షణ పనిచేసిందా లేదా అన్నది అక్కడే తేలుతుంది.

భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడే భద్రత గురించి శిక్షణ పొందడం కార్మికుడి హక్కు అని రాశారు. ఆ హక్కు ఇన్నేళ్లలో సంతకాల రిజిస్టరుగా మారిపోయింది. తనిఖీకి వచ్చే అధికారులు కూడా ఆ రిజిస్టరే తిరగేసి వెళ్తారు. ప్రమాదం జరిగితే పరామర్శలు, ఎక్స్‌గ్రేషియా, ఇంకో కమిటీ. 2024 ఆగస్టులో అచ్యుతాపురం ఫార్మా ఫ్యాక్టరీ ప్రమాదంలో 17 మంది చనిపోయినప్పుడూ ఇవన్నీ చూశాం. శుభకార్యానికి వచ్చినట్టు భద్రతా వారోత్సవాలకు వచ్చి దీపం వెలిగించే పెద్దలు మిగతా రోజుల్లో ఎక్కడుంటారో అర్థం కాదు.

మీకు నా విన్నపం ఒక్కటే. ఈసారి ఇలాంటి కార్యక్రమం వార్త వేసేటప్పుడు, పోయినసారి శిక్షణ పొందినవాళ్లు ఇప్పుడు పనిలో ఏం చేస్తున్నారో ఎవరు, ఎప్పుడు పరిశీలించారని నిర్వాహకులను అడగండి. వాళ్లిచ్చిన జవాబు ఫొటో కిందే అచ్చు వేయండి. జవాబు రాకపోతే రాలేదనే వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫోర్‌మన్,
గాజువాక, విశాఖపట్నం