పురుగు బిళ్ళలను పొట్లాల్లో అమ్మనివ్వకండి

సంపాదకులకు,

సంక్రాంతి దాటి ధాన్యం, అపరాలు ఇళ్లకు చేరాక మా నరసన్నపేట చుట్టుపక్కల సంతల్లో, కిరాణా కొట్లలో, గింజలకు పట్టే పురుగును చంపే ఈ బిళ్ళల బేరం ఊపందుకుంటుంది. మొన్న ఒక కొట్లో చూశాను. కొట్టతను డబ్బా మూత తీసి, బూడిద రంగు బిళ్ళలు నాలుగు ఒట్టి చేత్తో తీసి పాత పేపర్లో పొట్లం కట్టాడు. అదే చేత్తో పక్కనున్న పిల్లాడికి చాక్లెట్ ఇచ్చాడు! పొట్లం మీద పేరు లేదు, హెచ్చరికా లేదు.

అవి అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు. గాలిలో తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ అనే విషవాయువు పుడుతుంది. ముక్క పురుగును చంపేది అదే, మనిషినీ వదలదు. తిన్న తిండి నుంచి ఆక్సిజన్ సాయంతో శక్తి తీసే పని మన కణాల్లో మైటోకాండ్రియాలది. అందులో చివరి మెట్టు సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్. ఫాస్ఫీన్ దాని పనినే అడ్డుకుంటుంది. సైనైడ్ దెబ్బ కొట్టేదీ అక్కడే. మడపాం టోల్‌గేటు మూసేస్తే వెనక లారీలన్నీ నిలిచిపోయినట్టు, అంతకుముందు జరగాల్సినవన్నీ ఆగిపోతాయి. రక్తంలో ఆక్సిజన్ ఉన్నా కణం వాడుకోలేదు. క్షణం కూడా విశ్రాంతి ఎరగని గుండె మీద ఆ దెబ్బ గట్టిగా పడుతుంది. దీనికి విరుగుడు మందు లేదు. బీపీ పడిపోకుండా, ఊపిరి ఆగకుండా డాక్టర్లు కాచుకోవాల్సిందే.

"వెల్లుల్లి వాసనొస్తే కిటికీ తీసేస్తాం లెండి" అన్నాడు తెలిసిన రైతు ఒకాయన. ఆ వాసనను నమ్మడానికి లేదు, అది తెలియకపోయినా వాయువు ఉండొచ్చు. బస్తాలున్న గదిలోనే పడకలు వేసుకునే ఇళ్లు మన దగ్గర ఎన్ని లేవు? వాంతులు, ఆయాసం మొదలైతే ఫుడ్ పాయిజన్ అనుకుని ఊళ్లో మందులతో కాలయాపన చేయకుండా వెంటనే 108కి ఫోన్ చేసి, ఇంట్లో బిళ్ళలు పెట్టిన సంగతి డాక్టరుకు చెప్పాలి.

నిబంధనలు లేక కాదు. ప్రభుత్వ సంస్థలు, పెస్ట్ కంట్రోల్ వాళ్లు మాత్రమే, అదీ నిపుణుల పర్యవేక్షణలో వీటిని వాడాలి. కిరాణా కొట్టు ఆ జాబితాలో ఎక్కడుంది? వ్యవసాయాధికారులు పురుగుమందుల షాపులతో ఆగకుండా సంతల్లోనూ తనిఖీ చేయాలి.

అలాగని రైతును తప్పుపట్టలేం, ఏడాది తిండిగింజలు మరి. ధాన్యాన్ని తేమ 12 శాతానికి దిగేదాకా ఎండబెట్టి, గాలి చొరని సంచుల్లో నింపి బిగిస్తే పురుగు ఊపిరాడక చస్తుంది. ఆ సంచులను, తేమ కొలిచే మీటరును కోతలకు ముందే రైతు సేవా కేంద్రాల్లో అందుబాటులో పెట్టాలని జిల్లా అధికారులను కోరుతున్నాను.

— విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా