పసుపు చీరలు తీసుకున్నవాళ్లకు, ఎరుపు చీరల కోసం ఎదురుచూస్తున్నవాళ్లకు

నమస్కారం. ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. ఉగాదికి మా దగ్గర సహజ రంగుల నూలు చీరలు కొన్నవాళ్లకూ, శ్రావణానికి ఇస్తామంటే నమ్మి అడ్వాన్స్ కట్టినవాళ్లకూ జరిగింది జరిగినట్టు చెప్పాలి.

ముందు పసుపు చీరల సంగతి. ఆ రంగు పసుపు కొమ్ములతోనే అద్దాం. మగ్గం మీద చూస్తే కళ్లు తిప్పుకోబుద్ధి కాలేదు. కానీ పసుపు ఎండకు నిలవదు, సబ్బు తగిలితే ఎర్రబారుతుంది. "అది పూతేనమ్మా, నూలుకు పట్టదు" అని మా మామగారు మొదట్లోనే అన్నారు. నలభై ఏళ్లు మగ్గం మీద కూర్చున్న మనిషి మాట వినకుండా, పటిక పెడితే నిలుస్తుందనుకున్నాను. తప్పు నాదే. వెలిసిన చీర తిప్పి పంపండి. డబ్బు వాపసు ఇస్తాం, లేదంటే దానిమ్మ తొక్క రంగుతో మరో చీర నేసి ఇస్తాం. కొరియర్ ఖర్చు మాది. ఇకమీదట పసుపు కొమ్ములతో రంగు వెయ్యం.

ఎరుపు చీరల ఆలస్యానికి కారణం వేరు. పట్టుకు, ఉన్నికి రంగు సులువుగా పడుతుంది. నూలు అలా కాదు. చిలపల్ని, అంటే నూలు చుట్టల్ని, ముందు సోడాలో ఉడకబెట్టి మైనం వదలగొట్టాలి. తర్వాత కరక్కాయ నీళ్లలో నానబెట్టాలి, ఆ వగరు పట్టాకే పటిక పడుతుంది, పటిక పట్టాకే మంజిష్ఠ వేరు ఎరుపు నిలుస్తుంది. కిలో నూలుకు మేం 200 గ్రాముల కరక్కాయ పొడి, 150 గ్రాముల పటిక వేస్తాం. జ్యేష్ఠంలో ఎనిమిది కిలోల నూలు ఇలాగే తయారుచేశాం. కరక్కాయ నీళ్లలోంచి తీసిన చిలప లేత గంధం రంగులో ఉండాలి. మాకు బూడిద రంగులో వచ్చింది. మంజిష్ఠలో వేస్తే ఎరుపు రాలేదు, ఎండిన రక్తంలా ముదురు ఊదా వచ్చింది. పొడి పాతదేమో అనుకుని కొత్తది తెచ్చాం, మళ్లీ అదే. వారం రోజులు ఇంట్లో అందరికీ టెన్షనే.

చివరికి మా ఆయన రెండు గాజు గ్లాసులు తెచ్చారు. ఒకదాంట్లో కొత్తగా వేయించిన బోరు నీళ్లు, ఇంకోదాంట్లో ముందురోజు రాత్రి పట్టిన వాననీళ్లు. రెంటిలోనూ చెంచాడు కరక్కాయ కషాయం పోశారు. వాననీళ్లు తేనె రంగులో ఉండిపోయాయి. బోరు నీళ్లు చూస్తుండగానే నల్లబడ్డాయి. నీళ్లలో ఇనుముంది. వెనకటి రోజుల్లో కరక్కాయ, అన్నభేది అనే ఇనుప లవణం కలిపి సిరా కాచేవారు కదా, మేం తెలియక ఎనిమిది కిలోల నూలును సిరాలో ముంచాం.

ఇప్పుడు డాబా మీద పడే వాన డ్రమ్ముల్లోకి పట్టి ఆ నీళ్లతోనే అద్దుతున్నాం. నీళ్లు ఇచ్చే వానే చిలపల్ని ఆరనివ్వదు. ముసురు పట్టిందంటే నాలుగేసి రోజులు వసారాలో దండేల మీదే వేలాడుతున్నాయి. పొయ్యి దగ్గర కూడా తొందర పనికిరాదు, మంజిష్ఠ నీళ్లు మరిగితే ఎరుపు పోయి గోధుమ రంగు పైకొస్తుంది. చెయ్యి పెట్టలేనంత వేడి ఉండాలి, బుడగ రాకూడదు. ఆ పొయ్యి దగ్గర పూటంతా మా అత్తగారే కూర్చుంటున్నారు. నిన్న తీసిన చిలప మాత్రం ఇటుక ఎరుపులో, మేం అనుకున్నట్టే వచ్చింది.

"ఇది కోట్‌పాడ్ చీరేనా?" అని చాలామంది అడుగుతున్నారు. కాదు. కోరాపుట్ జిల్లా కోట్‌పాడ్‌లో మిర్గాన్ నేతకారులు ఆల్ చెట్టు వేరుతో, అంటే మన పెద్దలు తొగరు అనే చెట్టు వేరుతో అద్దుతారు. నూలుకు ఆముదం, పేడ, బూడిద నీళ్లు పట్టించి రోజుల తరబడి సిద్ధం చేస్తారు. ఆ బట్టకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి గోవర్ధన్ పానికా గారికి 2018లో పద్మశ్రీ ఇచ్చారు. వాళ్ల పని చూశాకే మాకీ ఆశ పుట్టింది, కానీ ఆ పేరు వాళ్లది. మా చీరను ఆ పేరుతో అమ్మం.

ఇంకో మాట. ఉగాది చీరల మీద "పూర్తిగా సహజ రంగులు" అని చీటీ కట్టాం. పేక వరకు, అంటే అడ్డపోగు వరకు, అది నిజం. నల్ల అంచు మాత్రం బజారులో కొన్న రంగు నూలు. అలా రాయకూడదు, చీటీ మార్చేశాం. బెల్లం, ఇనుప ముక్కలు ఊరబెట్టి నలుపు తీస్తున్నాం గానీ, ఆ నీళ్లు కాస్త ఎక్కువైనా పోగు పెళుసుబారి మగ్గం మీద తెగుతోంది. అది కుదిరేదాకా అంచు కొన్న నూలుతోనే, ఆ సంగతి చీటీ మీద రాసే ఇస్తాం.

మా గంగాళంలో ఒకసారికి రెండు కిలోలే పడుతుంది. ఒక వాయకూ ఇంకో వాయకూ రంగు కొద్దిగా తేడా వస్తుంది. ఒకే చీరలో రెండు వాయల కండెలు వాడితే అడ్డంగా చార కనబడుతుంది. ఉగాదప్పుడు రెండు చీరలు అలా వెళ్లాయి, వాళ్లకు ఫోన్ చేసి మాట్లాడాం. ఇప్పుడు చీరకు కావలసిన పేకంతా ఒకే వాయలోంచి తీసి, మూటకు నంబరు కట్టి మగ్గానికి ఇస్తున్నాం. ఫోటోలో చూసిన ఎరుపు అచ్చంగా అదే కావాలంటే మాత్రం మేం ఇవ్వలేం.

బూడిద రంగు తిరిగిన ఎనిమిది కిలోలూ పారేయలేదు, దుప్పట్లు నేస్తున్నాం. చీరలు ఆర్డరు ఇచ్చిన వరుసలోనే, దసరాకి వారం ముందు నుంచి పంపుతాం. అన్నాళ్లు ఆగలేనివాళ్లు ఒక మెసేజ్ పెట్టండి, అడ్వాన్స్ ఆ రోజే తిరిగి వేస్తాం.