జాఫ్నాకు వెళ్లింది మన సికింద్రాబాద్ డివిజనే

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో సికింద్రాబాద్ కంటోన్మెంట్ మీద వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. బొల్లారం రాష్ట్రపతి నిలయం, మడ్‌ఫోర్ట్, పరేడ్ గ్రౌండ్ అన్నీ వచ్చాయి. ఇక్కడి 54వ పదాతి డివిజన్ 1971లో షకర్‌గఢ్ ప్రాంతంలో, బసంతర్ నది దగ్గర ఎలా పోరాడిందో కూడా రాశారు. ఆ తర్వాతి పేరాలో ఏకంగా వరద సహాయానికి వచ్చేశారు. మధ్యలో శ్రీలంక ఏమైంది? అదే డివిజన్ 1987లో పక్క దేశపు అంతర్యుద్ధంలోకి వెళ్లింది. ఎంతోమందిని అక్కడే పోగొట్టుకుంది. దాని గురించి ఒక్క వాక్యం లేదు.

నేను మిలిటరీ మనిషిని కాను, రిటైరైన టీచర్ని. మా ఆయన ఆ డివిజన్ సిగ్నల్ రెజిమెంట్‌లో వైర్‌లెస్ ఆపరేటర్‌గా పనిచేశారు. ఇప్పుడు యాప్రాల్‌లో ఉంటున్నాం. శ్రీలంక ఉత్తరాన ఉన్న ఆ జాఫ్నా మాట ఇంట్లో ఆయన ఎత్తరు. ఈ ఉత్తరం రాస్తున్నానంటే మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని తేదీలు, పేర్లు సరిచూస్తున్నారు. కాబట్టి ఇందులో వివరాలు ఆయనవి, కోపం నాది.

1987 జూలై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే శాంతి ఒప్పందం మీద సంతకాలు చేశారు. మర్నాడే మేజర్ జనరల్ హర్‌కిరత్ సింగ్ నాయకత్వంలో మన డివిజన్ బలగాలు జాఫ్నా దగ్గర పలాలీ విమానాశ్రయంలో దిగడం మొదలైంది. అదే రోజు గౌరవ వందనం తీసుకుంటున్న రాజీవ్ గాంధీని ఒక సింహళ నావికుడు తుపాకీ మడమతో కొట్టాడు. ఆ ఫొటో మీ పాత సంచికల్లో ఉండే ఉంటుంది. మా ఆయన వాళ్లు కొన్నాళ్లకు సికింద్రాబాద్ స్టేషన్లో రైలెక్కి మద్రాసు వెళ్లి, అక్కడ ఓడెక్కి కాంకేశన్‌తురై రేవులో దిగారు. యుద్ధానికి వెళ్తున్నామని ఎవరూ అనుకోలేదు. తమిళులకు ప్రత్యేక దేశం కోసం పోరాడుతున్న తమిళ పులుల (ఎల్‌టీటీఈ) దగ్గర ఆయుధాలు తీసుకోవాలి, వాళ్లకూ శ్రీలంక సైన్యానికీ మధ్య నిలబడాలి, తిరిగి రావాలి. యూనిట్లలో చాలామంది సెలవుల్లో ఉండగానే బయల్దేరదీశారు. మొదట్లో తమిళులు పూలదండలు వేసి ఆహ్వానించారు. నాకొచ్చిన మొదటి ఉత్తరంలో తాటి చెట్ల గురించి, పొగాకు తోటల గురించి ఉంది. అచ్చం మన ఒంగోలు వైపు వచ్చినట్టుంది అని రాశారు.

అది ఎక్కడ చెడిందో తెలిసిందే. సెప్టెంబర్ 26న పులుల నాయకుల్లో ఒకడైన తిలీపన్ నిరాహార దీక్షలో చనిపోయాడు. అక్టోబర్ 5న, శ్రీలంక నేవీ పట్టుకున్న పులులు 17 మంది తమను కొలంబో తరలించబోతుంటే పలాలీలో సైనైడ్ మింగారు. వాళ్లలో 12 మంది పోయారు. ఇంకో మాట చెప్పకపోతే అన్యాయం. ఈ పులులకు అంతకు ముందు శిక్షణ ఇచ్చింది మన దేశమే. ఆ ఏడాదే జూన్ 4న జాఫ్నా మీద విమానాల్లోంచి ఆహారం జారవిడిచిందీ మనమే. నాలుగు నెలలు తిరిగేసరికి ఆపరేషన్ పవన్ పేరుతో అదే జాఫ్నా మీదికి ఈ డివిజన్‌ని నడిపించారు. ఢిల్లీలో ఎవరేం లెక్కలు వేసుకున్నారో గానీ, ఆ లెక్క తప్పితే కట్టాల్సింది మాత్రం జవాన్లే.

అక్టోబర్ 11 రాత్రి సంగతి కాస్త వివరంగా రాస్తాను. పులుల అధినేత ప్రభాకరన్, అతని ముఖ్యులు జాఫ్నా యూనివర్సిటీ దగ్గర ఉన్నారన్న సమాచారంతో, పలాలీ నుంచి ఎంఐ-8 హెలికాప్టర్లలో మనుషుల్ని అక్కడి మైదానంలో దించాలని ప్లాన్ వేశారు. ముందు 10వ పారా బెటాలియన్ కమాండోలు, వెనక 13వ సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ బెటాలియన్ జవాన్లు. ఈ సిక్కు యూనిట్ శ్రీలంకలో అప్పుడే దిగింది. ఊరు ఎటుందో, మైదానం ఎటుందో చూసుకునే వ్యవధి కూడా వాళ్లకు లేదు. మన వైర్‌లెస్ మాటలు పులులు వింటున్నారని, హెలికాప్టర్ల కోసం కాచుకుని ఉన్నారని తర్వాత తెలిసింది. సిక్కు జవాన్లలో మొదటి 30 మంది దిగేసరికే కాల్పులు ఎంత ముదిరాయంటే, దెబ్బతిన్న హెలికాప్టర్లను మళ్లీ పంపలేక ఆపేశారు. ఆ 30 మందీ అక్కడ ఒంటరిగా చిక్కుకుపోయారు. తెల్లారి మందుగుండు అయిపోయేదాకా పోరాడారు. 29 మంది చనిపోయారు, ఒక్కడు ఖైదీగా దొరికాడు. కమాండోల్లోనూ ఆరుగురు పోయారు. మిగిలిన కమాండోలను బయటికి తేవడానికి ట్యాంకులు వెళ్లాలి, రోడ్ల నిండా మందుపాతరలు. చివరికి ట్యాంకుల్ని రైలు పట్టాల మీదుగా నడుపుకుంటూ వెళ్లారు.

వైర్‌లెస్ దగ్గర కూర్చునే పని చేసినవారు కాబట్టి, ఇది రాస్తుంటే మా ఆయన ఇక్కడ లేచి బాల్కనీలోకి వెళ్లారు. నేను అడగలేదు.

మన జవాన్ల చేతిలో ఒక్కో గుండు విడిగా పేలే ఎస్ఎల్ఆర్, ఎదుటివాళ్ల చేతిలో ఏకే-47. సందుల్లో, ఇళ్ల మధ్య యుద్ధం. ఎక్కడ కల్వర్టు ఉంటే అక్కడ మందుపాతర. జాఫ్నా పట్టణం చేతికి రావడానికి అక్టోబర్ చివరిదాకా పట్టింది.

ఆ అక్టోబర్ పదో తేదీన మన లాల్ బహదూర్ స్టేడియంలో ప్రపంచకప్ మ్యాచ్ జరిగింది. న్యూజిలాండ్, జింబాబ్వే ఆడాయి. హౌటన్ 142 కొట్టాడు, అయినా జింబాబ్వే మూడు పరుగుల తేడాతో ఓడింది. నగరమంతా దాని గురించే మాట్లాడుకుంది. తప్పు పట్టడం లేదు, మా తమ్ముడు కూడా చూడ్డానికి వెళ్లాడు. కానీ తిరుమలగిరి క్వార్టర్స్‌లో మాది వేరే లోకం. రేడియోలో ఊళ్ల పేర్లు వచ్చేవి గానీ మనుషుల పేర్లు వచ్చేవి కావు. 56 ఏపీవో (సైనిక తపాలా) ముద్రతో ఉత్తరం వస్తే, రాసిన తేదీ చూసుకుని, అప్పటిదాకా మనిషి బాగానే ఉన్నాడు కదా అనుకోవడం. యూనిట్ జీపు గేటు దాటి లోపలికి వస్తే చాలు, ఆడవాళ్లంతా వంట వదిలేసి గుమ్మాల్లో నిలబడేవాళ్లం. ఒకసారి అది మా లైన్లోనే ఒక పంజాబీ భాభీ ఇంటి ముందు ఆగింది. మా ఇంటి ముందు ఆగనందుకు ముందు సంతోషం వేసింది. ఆ తర్వాతే ఏడుపొచ్చింది. ఆ దీపావళికి మా క్వార్టర్స్‌లో పిల్లలు కూడా టపాసులు అడగలేదు.

అవే దీపావళి రోజుల్లో జాఫ్నా ఆసుపత్రిలో ఏం జరిగిందో నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అక్టోబర్ 21, 22 తేదీల్లో మన సైనికులు అందులోకి చొరబడి జరిపిన కాల్పుల్లో రోగులు, డాక్టర్లు, నర్సులు, సిబ్బంది 60 మందికి పైగా చనిపోయారు. లోపలి నుంచి పులులు కాల్చారని, ఎదురుకాల్పుల్లో పోయారని సైన్యం చెప్పింది. ప్రాణాలతో బయటపడ్డ ఆసుపత్రి సిబ్బంది అలా జరగలేదన్నారు. ఒక సైనికుడి భార్యగా ఇది రాయడం నాకు సులువు కాదు. కానీ జాఫ్నా గురించి రాయమని మిమ్మల్ని అడుగుతూ, ఇది మాత్రం వదిలేయండి అనలేను. అక్కడా ఆడవాళ్లు గుమ్మాల్లో నిలబడే ఉంటారు.

నవంబర్ 25న కాంతరోడై దగ్గర 8వ మహర్ బెటాలియన్‌కు చెందిన మేజర్ రామస్వామి పరమేశ్వరన్, ఛాతీలో గుండు దిగినా పులి చేతిలోంచి రైఫిల్ లాక్కుని వాణ్ణి కాల్చి, తర్వాత ప్రాణం వదిలాడు. శ్రీలంకకు వెళ్లిన సేనలో పరమవీర చక్ర వచ్చింది ఆయనొక్కడికే. బసంతర్ గురించి రాసిన చేత్తో ఈయన గురించి కూడా రాయొచ్చు కదా!

తర్వాత మరో మూడు డివిజన్లు వెళ్లాయి. 1989లో అధ్యక్షుడైన ప్రేమదాస మీరు వెళ్లిపొండి అన్నాడు, పైగా మనవాళ్లతో తలపడుతున్న పులులకు తానే ఆయుధాలు ఇచ్చాడు. 1990 మార్చి 24న చివరి ఓడ ఎక్కారు. మద్రాసు రేవులో స్వాగతం చెప్పడానికి ముఖ్యమంత్రి కరుణానిధి రానన్నారు. తమిళులను చంపి వచ్చిన సేనకు స్వాగతమేమిటన్నది ఆయన వాదన. అప్పటికి దాదాపు 1,200 మంది అక్కడ పోయారు. విచిత్రం ఏమిటంటే, పొమ్మన్న శ్రీలంకే కొలంబో పక్కన శ్రీ జయవర్ధనపుర కోట్టేలో ఆ పేర్లన్నీ చెక్కించి స్మారకం కట్టింది. పలాలీలో మరొకటి ఉంది. డివిజన్ బయల్దేరిన ఊళ్లో ఉన్న మనకు మాత్రం ఆ ఊసే లేదు. పరేడ్ గ్రౌండ్ దగ్గర వీరుల సైనిక్ స్మారక్ ముందు నుంచి రోజూ వేలమంది వెళ్తారు. వాళ్లలో ఎవరినైనా ఆపి జాఫ్నా గురించి అడిగితే, అది తమిళనాడు గొడవ కదండీ అంటారు. మా మనవడూ అదే అన్నాడు, ఇంట్లో తాత ఉండి కూడా.

నేను అడిగేది చిన్న పని. వచ్చే జూలై 30కి మీ హైదరాబాద్ ఎడిషన్లో ఒక పేజీ ఇవ్వండి. యాప్రాల్, సైనిక్‌పురి, అల్వాల్, మల్కాజిగిరిల్లో అప్పట్లో అక్కడికి వెళ్లొచ్చిన జవాన్లు, వాళ్ల భార్యలు ఇంకా ఉన్నారు. డెబ్బైకి అటూ ఇటూ ఉన్నవాళ్లే ఎక్కువ. జనరళ్లు తమ మాటలు పుస్తకాలుగా రాసుకున్నారు. నాయక్‌లు, హవల్దార్లు రాసుకోలేదు. మీ విలేకరి ఒకరు వచ్చి కూర్చుంటే చెబుతారు. మా ఆయన కూడా చెబుతానన్నారు, యూనివర్సిటీ రాత్రి ఒక్కటి తప్ప. ఆయన రాసిన ఇన్‌లాండ్ లెటర్లు నా దగ్గర ట్రంకు పెట్టెలో ఉన్నాయి. కాపీ తీసుకుని వెనక్కి ఇచ్చేస్తామంటే అవీ ఇస్తాను. వాటిలో రెండు మాత్రం ఇవ్వను. వాటిలో యుద్ధం లేదు, మా అత్తగారి గురించి ఉంది.

ఇట్లు,
ఒక మాజీ సైనికుడి భార్య,
యాప్రాల్, సికింద్రాబాద్