వార్షిక నివేదిక: వన్యప్రాణి ఆవాసాల విద్యార్థి జీఐఎస్ ప్రాజెక్టు ప్రణాళిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది సంఘం శ్రమలో ఎక్కువ భాగం ఒకే పనికి వెళ్లింది: విద్యార్థులు జీఐఎస్ (కంప్యూటరులో మ్యాపులు తయారుచేసి విశ్లేషించే పద్ధతి) సాయంతో వన్యప్రాణుల ఆవాసాలను మ్యాపు చేసే ప్రాజెక్టుకు ప్రణాళిక సిద్ధం చేయడం. సమావేశాలు, సభ్యత్వాల పునరుద్ధరణ ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. ప్రణాళికలో ఏం నిర్ణయించామో, ఎందుకలా నిర్ణయించామో ఇక్కడ వివరిస్తున్నాం.

ప్రశ్న ముందు, చిత్రం తర్వాత

విద్యార్థులు సాధారణంగా ఉపగ్రహ చిత్రాన్ని దించుకోవడంతో మొదలుపెడతారు. రంగురంగుల మ్యాపు తయారవుతుంది గానీ అది దేనికి జవాబో చెప్పలేరు. అందుకే మొదటి రెండు వారాలు కంప్యూటరు జోలికి పోకుండా, ప్రతి జట్టూ ఒక్క వాక్యం రాయాలని పెట్టాం. ఏ జీవి, దానికి ఏం కావాలి, ఏ కాలంలో అన్న మూడూ అందులో ఉండాలి. "పక్షుల ఆవాసాలు" అంటే చాలదు. "నీటి అంచున గూడు కట్టే పక్షులకు, గూళ్ల కాలంలో, నీటికి 200 మీటర్ల లోపు జమ్ము దుబ్బులు ఎక్కడున్నాయి?" అని రాస్తే ఏ లేయర్లు (నీరు, చెట్లు వంటి ఒక్కో అంశాన్ని చూపే మ్యాపు పొరలు) కావాలో, చిత్రం ఏ నెలదై ఉండాలో అందులోనే తేలిపోతుంది.

విస్తీర్ణం 5 కి.మీ. × 5 కి.మీ. మించకూడదు. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రంలో 10 మీటర్ల పిక్సెళ్లు (చిత్రంలోని చదరపు గడులు) ఇంత నేలకు 2,50,000 వస్తాయి. 30 మీటర్ల పిక్సెళ్లుండే ఉపగ్రహం ల్యాండ్‌శాట్‌లో సుమారు 28 వేలే. సన్నటి వాగు వెంట ఉన్న చెట్ల వరుస ల్యాండ్‌శాట్‌లో పక్క పొలంతో కలిసిపోతుంది. పాత కాలంతో పోల్చాలంటే మాత్రం 1972లో మొదలైన ల్యాండ్‌శాట్‌నే ఆశ్రయించాలి, తొలినాటి చిత్రాలు ఇంకా ముతకగా ఉన్నా సరే. మ్యాపులో చూపే అతి చిన్న తునక పావు హెక్టారు, అంటే సెంటినెల్-2లో 25 పిక్సెళ్లు. అంతకన్నా చిన్నవి పక్కనున్న ఆవాస తరగతిలో (రకంలో) కలిపేయాలి.

క్షేత్ర పని

ఆవాస తరగతులు నాలుగు చాలు. పిల్లలు పన్నెండు అడుగుతారు, ఒప్పుకోవద్దు. మ్యాపు సరిచూడటానికి తరగతికి కనీసం 50 బిందువులు కావాలి. నాలుగు తరగతులకే 200. నాలుగు జట్లు రోజుకు పదేసి చూసినా ఐదు రోజులు పడుతుంది.

బిందువులను ప్రతి తరగతిలోనూ యాదృచ్ఛికంగా సాఫ్ట్‌వేరే ఎంచాలి. విద్యార్థులకు వదిలేస్తే అన్నీ దారి పక్కనే పడతాయి. సాఫ్ట్‌వేరుకు ఏ తరగతి ఎలా ఉంటుందో నేర్పే బిందువులు, సరిచూసే బిందువులు ఒకే తునకలోంచి తీసుకోకూడదు. పక్కపక్క పిక్సెళ్లు ఎలాగూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఖచ్చితత్వం ఉన్నదానికన్నా గొప్పగా కనిపిస్తుంది.

ఫోన్ జీపీఎస్ ఆరుబయట సుమారు 5 మీటర్ల తేడాతో చెబుతుంది, దట్టమైన చెట్ల కింద తేడా అంతకు రెట్టింపు దాటవచ్చు. కాబట్టి తునక అంచు నుంచి కనీసం 20 మీటర్లు లోపలికి వెళ్లి నమోదు చేయాలి. ఫోన్ చూపిన తేడా ఎంతో కూడా ఒక గడిలో రాయాలి.

ఫారంలో అందరూ మరిచేది సున్నా. పది నిమిషాలు నిలబడినా జంతువు గానీ, పాదముద్ర గానీ, పెంటిక గానీ కనిపించకపోతే 0 రాయాలి. ఖాళీ వదిలితే అక్కడికి అసలు వెళ్లలేదని అర్థం. ఒక్కసారి కనిపించనంత మాత్రాన అక్కడ లేదని కాదు, అందుకే జంతువుల జాడ చూసే ఒక్కో గమనింపు బిందువుకు మూడుసార్లు వెళ్లాలి. మొదలుపెట్టిన, ముగించిన సమయాలు తప్పనిసరి.

కంప్యూటరు దగ్గర చెడేవి

సాఫ్ట్‌వేరుకు ఖర్చు లేదు: కంప్యూటరులో మ్యాపులకు క్యూజీఐఎస్, ఫోన్లలో నమోదుకు క్యూఫీల్డ్. ఫైళ్లన్నీ మ్యాపు డేటా దాచే ఫైలు రకమైన జియోప్యాకేజ్‌లోనే. పాత ఫైలు రకమైన షేప్‌ఫైల్‌లో గడి పేరుకు పది బైట్లే చోటు. యూనికోడ్‌ యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి మూడు బైట్లు, గుణింతపు గుర్తుకూ మరో మూడు పడతాయి. "ఆవాసరకం", "ఆవాసస్థితి" రెండూ "ఆవా" దగ్గరే తెగి ఒకదానితో ఒకటి ఢీకొంటాయి.

బఫర్ (ఒక చోటు చుట్టూ ఇంత దూరమని గీసే వలయం) గీసేముందు ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదునైన మ్యాపుగా మార్చే పద్ధతి) చూడాలి. మ్యాపు డబ్ల్యూజీఎస్ 84 (జీపీఎస్ వాడే నిర్దేశాంక పద్ధతి) అక్షాంశ రేఖాంశాల్లో ఉండగా 200 అని కొడితే అది 200 మీటర్లు కాదు, 200 డిగ్రీలు. కొందరు తెలివిగా 0.002 ఇస్తారు, భూమధ్యరేఖకు దూరమయ్యే కొద్దీ రేఖాంశ డిగ్రీ కుంచించుకుపోతుంది కాబట్టి వలయం అండాకారమవుతుంది. ముందే మీటర్లలో కొలిచే యూటీఎం ప్రొజెక్షన్‌లో సరైన మండలంలోకి మార్చుకోవాలి.

పచ్చదనాన్ని ఏళ్లవారీగా పోల్చే జట్లకు ఇంకో చిక్కు. 2022 జనవరి 25 నుంచి కొత్త పద్ధతిలో తయారైన సెంటినెల్-2 చిత్రాల్లో ప్రతి విలువకూ 1000 కలిపి ఉంటుంది. అది తీసేయకుండా ఎన్‌డీవీఐ (పచ్చదనాన్ని కొలిచే సూచిక) లెక్కిస్తే పచ్చదనం ఒక్కసారిగా పడిపోయినట్టు వస్తుంది, అడవి నరికేశారని పిల్లలు నివేదిక రాసేస్తారు.

గూళ్లు, గుహల వివరాలు బయటపెట్టే మ్యాపులో నిర్దేశాంకాలను దశాంశం తర్వాత రెండంకెలకు కుదించాలి, అంటే సుమారు ఒక కిలోమీటరు మేర అస్పష్టం. వేట భయం ఉన్న జీవులకు అదీ చాలదు, వాటిని మ్యాపులో పెట్టొద్దు. ఫోటోల్లో దాగి ఉండే లొకేషన్ కూడా తొలగించాలి. ఎక్కువగా మరిచిపోయేది ఇదే.

వచ్చే ఏడాదికి

పన్నెండు వారాల పట్టికలో క్షేత్ర పనికి నాలుగు, సరిచూడటానికి మూడు వారాలు కేటాయించాం. మ్యాపు గీయడానికి ఒక్క వారమే. ప్రశ్నకు రెండు పోగా మిగిలిన రెండు వారాలూ వర్షానికి, మబ్బు పట్టిన చిత్రాలకు వదిలేశాం. జట్టుకొకరు చొప్పున నలుగురు సభ్యులు క్షేత్రానికి తోడు రావాలి. రాగలిగినవారు సర్వసభ్య సమావేశంలో పేరు ఇవ్వగలరు.

— కార్యవర్గం