వెల్ష్ పాటకు రేడియో ఇచ్చిన చోటు

సంపాదకులు గారికి నమస్కారం.

నేను బ్రిటన్‌లోని వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో ఉంటున్న తెలుగువాణ్ని. భాష గురించి మీ పేజీలో వచ్చే ఉత్తరాల్లో బడి చదువులు, బోర్డుల మీద అక్షరాల గొడవే ఎక్కువ కనిపిస్తుంది. పాట సంగతి, అందులోనూ రేడియో సంగతి ఎవరూ ఎత్తడం లేదని ఇది రాస్తున్నాను.

వేల్స్‌లో దత్‌బ్లగి అని ఒక బ్యాండ్ ఉండేది. 1982లో కార్డిగన్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. డేవిడ్ ఆర్. ఎడ్వర్డ్స్ పాడేవాడు, పాడేవాడంటే సగం మాట, సగం కోపం, మధ్యలో ఎక్కడో ఉన్నట్టుండి ఒక రాగం. తర్వాత పాట్ మోర్గన్ వచ్చి కలిసింది. దాదాపు అన్నీ వేల్స్ సొంత భాష వెల్ష్‌లో పాటలే. అయినా లండన్‌లో బీబీసీ రేడియో 1లో పాటల ప్రోగ్రామ్ నడిపిన జాన్ పీల్ వీళ్లకి ఐదుసార్లు సెషన్ ఇచ్చాడు, అంటే తన ప్రోగ్రామ్ కోసం స్టూడియోకి పిలిచి పాటలు రికార్డు చేయించాడు. ఆ సెషన్లలోని రికార్డింగులతో 1992లో ఆంక్స్ట్ అనే వేల్స్ కంపెనీ ఆల్బమ్ వేసింది. నెలరోజులుగా నేను వింటున్నది అదే.

పీల్ సెషన్ అంటే మామూలుగా ఒక్కరోజు పనిగా ఉండేది. పొద్దున స్టూడియోకి వెళ్తే, మూడు నాలుగు పాటలు రికార్డు చేసి రాత్రికల్లా మిక్సింగ్ కూడా ముగించాల్సి వచ్చేది, నగిషీలు చెక్కే టైమ్ ఉండేది కాదు. అందుకేనేమో డ్రమ్ మెషీన్ టకటకమంటుంటే ఆ గొంతు మన గదిలోనే నిలబడి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. వెల్ష్‌లో ఒక అక్షరం ఉంది, నాలుకని 'ల' దగ్గర పెట్టి పక్కల నుంచి గాలి వదలాలి. ఇక్కడ బళ్లలో వెల్ష్ తప్పనిసరి కాబట్టి మా అమ్మాయికి అది తేలిగ్గా వచ్చేస్తుంది, నాకు ఇంకా రావడం లేదు. ఎడ్వర్డ్స్ నోట ఆ అక్షరం వచ్చినప్పుడల్లా వెనక్కి తిప్పి మళ్లీ వింటున్నాను.

నాకు బాగా నచ్చిందేంటంటే, పీల్ ఈ పాటల్ని "పాపం చిన్న భాష" అని పక్కన కూర్చోబెట్టలేదు. ఇంగ్లండ్ పంక్, జింబాబ్వే గిటార్ బ్యాండ్లు వేసే ప్రోగ్రామ్‌లోనే, వాటితో సమానంగా వేశాడు. అర్థం తెలియని వాళ్లు కూడా విన్నారు. 2021 జనాభా లెక్కల్లో వేల్స్‌లో వెల్ష్ వచ్చినవాళ్లు 5,38,000 మంది, అంటే నూటికి 18 మంది కూడా లేరు. మన తెలుగువాళ్లం 2011 నాటికే 8 కోట్లు దాటాం.

ఎడ్వర్డ్స్ 2021లో పోయాడు. గొంతు మాత్రం ఉంది, ఎందుకంటే రేడియో పిలిచింది, రికార్డు చేసింది, టేపు దాచింది. హైదరాబాద్, విజయవాడ ఆకాశవాణి వాళ్లకీ, ఎఫ్ఎం వాళ్లకీ మీ పత్రిక ద్వారా నా విన్నపం ఒకటే: సినిమాతో సంబంధం లేకుండా తెలుగులో సొంతంగా పాటలు కట్టుకునే కుర్రాళ్ల బ్యాండ్లని నెలకొకదాన్ని స్టూడియోకి పిలవండి, ఒక్కరోజు ఇవ్వండి, డబ్బులివ్వండి, రికార్డు చేసింది చెరిపేయకండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, కార్డిఫ్