శీనుగాడికి, కాకినాడ నుంచి

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకో, పడతాను. అమ్మ కులాసా, చిన్నదానికి పదో తరగతి పరీక్షలు, స్కూటరు అమ్మేశా. ఇంటి కబుర్లు అయిపోయాయి. ఇక అసలు సంగతి విను, చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

రైసుమిల్లు గుమాస్తాగారు, అదేరా మన "పైసా వసూల్", సీపీయూ చంకనెట్టుకుని షాపుకొచ్చారు. ఆయన మెయిలు నుంచి ఎవరో బియ్యం షావుకార్లకు కొత్త బ్యాంకు ఖాతా నంబరు పంపుతున్నారట. ఒకాయన డబ్బు వేయబోయి, ఎందుకో ఫోన్ చేసి అడిగాడు కాబట్టి బతికిపోయారు. పాస్‌వర్డు మార్చినా ఆగలేదట.

యాంటీవైరస్ తెరిచా. పచ్చ టిక్కు, అంతా క్షేమం! నాకు అదే నచ్చలేదు. సెట్టింగుల్లో అడుగున 'ఎక్స్‌క్లూజన్స్' అని, వెతకొద్దన్నవాటి జాబితా ఉంటుంది చూడు, అక్కడ ఒకే ఒక్క లైను: సి డ్రైవు. మొత్తం డ్రైవురా! వాచ్‌మన్‌ని పెట్టుకుని ఇంటివైపు మాత్రం చూడకు అన్నట్టు. ఏ సైటు ఏ చిరునామాలో ఉందో కంప్యూటరు ముందుగా చూసుకునే హోస్ట్స్ ఫైల్లో అయితే యాంటీవైరస్ సైట్లన్నీ వరసగా 127.0.0.1కి తిప్పేసి ఉన్నాయి. బ్రౌజరు అక్కడికి బయల్దేరి తన కంప్యూటరు దగ్గరే తచ్చాడుతుంది.

ఎలా దూరిందంటావా? లెక్కల సాఫ్ట్‌వేరుకి ఫ్రీ క్రాకు, అంటే కొనకుండా వాడుకునే దొంగదారి ప్రోగ్రాము. డౌన్‌లోడ్స్‌లో ఇంకా ఉంది. యాంటీవైరస్ లోపలికి తొంగిచూడకుండా జిప్‌కి పాస్‌వర్డు. పక్కన టెక్స్టు ఫైలు: ముందు యాంటీవైరస్ ఆపండి, అడ్మినిస్ట్రేటరుగా నడపండి. ఈయన పొల్లుపోకుండా పాటించారు! ట్రోజన్‌కి, అంటే మంచి ప్రోగ్రాము వేషంలో దూరే దొంగ ప్రోగ్రాముకి, అదే కావాలి. అది తనంతట తాను పాకదు, మనచేతే 'ఎస్' నొక్కించుకుంటుంది. సాఫ్ట్‌వేరు భేషుగ్గా పనిచేస్తుంటే అనుమానం ఎందుకొస్తుంది?

పాస్‌వర్డు మార్చింది కూడా ఆ కంప్యూటరు మీదే. కొత్తదీ ఆ దొంగలకే చేరింది. లాగిన్ అయి ఉన్నామని బ్రౌజరు దాచుకునే గుర్తులు, అవే లాగిన్ కుకీలు, వాళ్ళ చేతికి పోతే ఇక ఓటీపీ కూడా అడగదు.

1989లో ఇలాంటి ట్రోజన్‌నే పెట్టి, ఎయిడ్స్ సమాచారమంటూ దాదాపు 20,000 ఫ్లాపీలు పోస్టులో పంపారు, తెలుసా? కంప్యూటరు 90 సార్లు ఆన్ చేశాక ఫైళ్ళ పేర్లు గజిబిజి చేసి, పనామాకు 189 డాలర్లు పంపమంది. వాళ్ళు పాపం స్టాంపుల ఖర్చు పెట్టుకున్నారు. ఇప్పుడు మనమే వెతుక్కుని తెచ్చుకుంటున్నాం.

నవ్వుతున్నా గానీ, స్టూలు మీద కూర్చుని పెద్దాయన నోరు మెదపలేదురా. లెక్కల ఫైళ్ళు మాత్రం తీసి, డిస్కు తుడిచి, విండోస్ కొత్తగా వేశా. పాస్‌వర్డులు వేరే ఫోన్‌లో మార్పించి, అన్నిచోట్లా లాగౌట్ కొట్టించా. సాయంత్రం మిల్లు ఓనరు వచ్చి ఏమన్నాడో తెలుసా... అబ్బా, మళ్ళీ ఎవరో ప్రింటరు మోసుకొచ్చారు. ఉంటా, మిగతాది ఫోన్‌లో.

నీ
బుజ్జి