పాము మేత మానిందా? ఆకలి మందు మా కొట్టులో ఇక దొరకదు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కొరాపుట్ వైపు నుంచి మా దగ్గరకు వచ్చే పాముల పెంపకందార్లకు ఓ మాట. ఈ చలికాలం నుంచి పాములకు ఆకలి టానిక్కు, విటమిన్ చుక్కలు అమ్మడం ఆపేశాం. మేత ముట్టని పాముకు అవి పనిచేయవు. నోరు తెరిచి బలవంతంగా పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం కూడా ఉంది. నాగుల చవితి దాటాక "రాత్రంతా అద్దానికి ముక్కు రాస్తోంది, ఎలుకను చూసి మొహం తిప్పేస్తోంది" అన్న ఫోన్లు మొదలవుతాయి. ఇకమీదట అలాంటి ఫోనుకు మేం ముందు అడిగేది పాము ఉండే గాజు ట్యాంకులో వేడి, తేమ లెక్కలే.

మీలో ఎక్కువమంది దగ్గర ఉన్నది ఆఫ్రికా రకం చిన్న కొండచిలువ అయిన బాల్ పైథాన్ కాబట్టి అంకెలన్నీ దానివే చెబుతున్నాం. వెచ్చటి వైపు నేల 31 నుంచి 33 డిగ్రీలు, చల్లటి వైపు 25 నుంచి 27. రాత్రి ఎంత చలి పెట్టినా 24కి తగ్గకూడదు. గాలిలో తేమ 55 నుంచి 65 శాతం, కుబుసం విడిచే రోజుల్లో ఇంకాస్త ఎక్కువ. దాక్కునే గూళ్లు రెండు ఉండాలి, ఒక్కోవైపు ఒకటి. చుట్ట చుట్టుకుంటే ఒళ్లు గోడలకు తగిలేంత ఇరుకుగా ఉండాలి. విశాలమైన గూడు మనిషికి ముచ్చట, పాముకు భయం. గూడు ఒక్కటే ఉంటే వెచ్చదనం కావాలా, దాపరికం కావాలా అని అది తేల్చుకోలేక తిరుగుతూనే ఉంటుంది, అలా తిరిగే పాము తినదు.

ఎక్కడ పడుకుంటోందో చూస్తే సగం సంగతి తెలుస్తుంది. ఎప్పుడూ చల్లటి మూలకే అతుక్కుని పగలు కూడా మూతను తోస్తుంటే నేల కాలుతోందని అర్థం. వెచ్చటి వైపు వదలకపోతే మిగతా ట్యాంకు చల్లబడింది. నీళ్ల గిన్నెలోనే రోజులు గడుపుతుంటే వేడి ఎక్కువ కావచ్చు, గాలి పొడిబారి ఉండొచ్చు, పాము రక్తం పీల్చే సన్న నల్లులూ కావచ్చు. గిన్నె అడుగున మిరియాల పొడిలాంటి నల్ల చుక్కలు తేలినా, గడ్డం కింద, కళ్ల చుట్టూ పొలుసుల మధ్య అవే కనిపించినా నల్లులే. కళ్లు పాలలా మసకబారితే కుబుసానికి సిద్ధమవుతోంది, విడిచేదాకా మేత చూపించకండి. ఇక పొద్దుగూకాక కాసేపు తిరగడం రోగం కాదు, అది రాత్రి జీవి.

ట్యాంకు కింద పెట్టి వేడినిచ్చే హీట్ మ్యాట్‌ను వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ లేకుండా ఇకపై ఇవ్వం. కొనేవాళ్లకు ఖర్చు పెరుగుతుందని తెలుసు. కానీ అదుపు లేని మ్యాట్ మీద గాజు 45 డిగ్రీలు దాటగలదు, పాము పొట్ట కాలినా అక్కడి నుంచి చటుక్కున లేవదు. మ్యాట్ ట్యాంకు అడుగున మూడో వంతుకు మించకూడదు. సెన్సరు తీగను మ్యాట్‌కూ గాజుకూ మధ్య టేపుతో గట్టిగా అంటించాలి. అది ఊడి గాల్లో వేలాడినా, నీళ్లు ఒలికి తడిసినా చల్లగా ఉందనుకుని థర్మోస్టాట్ వేడి పెంచుతూనే పోతుంది. మ్యాట్ పైన పరిచే పొట్టు రెండు, మూడు సెంటీమీటర్లు చాలు. గోడకు అంటించే గుండ్రటి మీటర్లను నమ్మకండి, నేల వేడి చూడటానికి, తాకకుండానే వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ వాడండి.

కొరాపుట్, సెమిలిగుడ కొండల మీద ఇంకో చిక్కుంది. మ్యాట్ నేలను వేడెక్కిస్తుంది గానీ గాలిని కాదు. జాలీ మూత ఉన్న గాజు ట్యాంకులో ఆ కాస్త వేడీ పైకి పోతుంది. మూతలో మూడింట రెండు వంతులు కప్పి, అవసరమైతే తీగ బోను బిగించిన సిరామిక్ హీటర్ పెట్టండి, దానికీ థర్మోస్టాట్ ఉండాలి. బరంపురం, గోపాలపూర్ తీరంలో కథ తిరగబడుతుంది. అక్కడ తేమకు కొరత లేదు, పొట్టు తడిసి పొట్ట పొలుసులు కుళ్లుతాయి.

లెక్కలన్నీ సరిగ్గా ఉన్నా తినకపోవచ్చు. పెద్ద బాల్ పైథాన్, ముఖ్యంగా మగది, నవంబరు నుంచి మార్చి దాకా నెలల తరబడి మేత మానడం మామూలే. అప్పుడు చూడాల్సింది తూకం. వంటింటి డిజిటల్ కాటా చాలు, వారానికోసారి తూచి రాసుకోండి. 1,500 గ్రాముల పాము 1,420కి దిగితే కంగారు అక్కర్లేదు. 1,350కి, అంటే పది శాతం తగ్గితే డాక్టరుకు చూపించాలి. పిల్ల పాములకు ఇంత వెసులుబాటు లేదు, వరసగా నాలుగైదు మేతలు మానితే ఆగకండి.

మేత పెట్టే పద్ధతి: గడ్డకట్టిన ఎలుకను రాత్రంతా ఫ్రిజ్ కింది అరలో కరగనిచ్చి, జిప్ కవర్లో వేసి పావుగంట వేడి నీళ్లలో ఉంచండి. పైచర్మం 38 డిగ్రీలకు వస్తే చాలు. మైక్రోవేవ్ వద్దు, ఎలుక పొట్ట పగులుతుంది. ఎలుక లావు పాము నడుం లావును మించకూడదు. చీకటి పడ్డాక పొడవాటి చిమటాతో చూపించండి, వద్దంటే తీసేసి వారం ఆగండి. రోజూ చూపిస్తే బెదురు ఇంకా పెరుగుతుంది. తిన్నాక 48 గంటలు ముట్టుకోకండి. కక్కితే 10 నుంచి 14 రోజులు ఆగి, సగం సైజుతో మొదలుపెట్టండి. బతికున్న ఎలుకలు మేం అమ్మం, ఆకలి లేని పామును ఎలుకే కొరికేస్తుంది. పాలు, గుడ్లు పెట్టమని పక్కింటి పెద్దలు చెబుతారు. పుట్ట దగ్గర భక్తి వేరు, బాల్ పైథాన్‌కు పాలు అరగవు.

తుపాను హెచ్చరిక వస్తే ఆ వారం మేత మానేయండి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి, రోజుల తరబడి కరెంటు లేదు. వేడి లేకపోతే కడుపులోని ఎలుక అరగక కుళ్లుతుంది. ఖాళీ కడుపుతో ఉన్న ఆరోగ్యమైన పాము ఒకటి రెండు చల్లటి రాత్రులు ఓర్చుకుంటుంది. థర్మోకోల్ పెట్టెలో పెట్టి, పక్కన తువ్వాలు చుట్టిన గోరువెచ్చని నీళ్ల సీసా ఉంచండి.

నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ముక్కున బుడగలు, ఈల చప్పుడు వచ్చినా, చిగుళ్లలో జున్నులాంటి చీము కనిపించినా, వెల్లకిలా తిప్పితే బోర్లా పడలేకపోయినా మాకు ఫోన్ చేసి కాలయాపన చేయొద్దు. భువనేశ్వర్ వెటర్నరీ కాలేజీకో, విశాఖలో మీకు తెలిసిన డాక్టరుకో ఫోన్ చేసి, పాములు చూస్తారో లేదో కనుక్కుని బయల్దేరండి.

పొలంలో దొరికిన జెర్రిపోతు, కొండచిలువ, రెండు తలల పాము "తినడం లేదు" అని తెచ్చేవాళ్లకు మేం ఏ సాయమూ చేయం. మన అడవి పాముల్ని ఇంట్లో ఉంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, అటవీ శాఖకు అప్పగించండి. బాల్ పైథాన్‌కు కూడా కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి. ఆ కాగితం చూపించినవాళ్లకే మేత ఇస్తాం.

చలికాలంలో తినేవి తగ్గుతాయి కనుక గడ్డకట్టిన మేత కొద్దిగానే తెప్పిస్తున్నాం. కావాల్సినవాళ్లు వారం ముందు చెప్పండి. ఫోన్ చేసేటప్పుడు రెండు వైపుల వేడి, తేమ, పాము తూకం రాసుకుని ఉండండి. ఎలుకలు ఫ్రిజ్‌లో పెట్టుకోవడానికి ఇంట్లో ఒప్పించుకున్నాకే ఆర్డరు చెప్పండి, ఇచ్చాక వెనక్కి తీసుకోం.